పెడల్లో పిచ్చుక

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
జూన్ 9

బంగారు తల్లి జెరూషకు,

మీ నాన్న సుందర్ రాజు రెండు చేతులూ నీ నెత్తిమీద పెట్టి దీవిస్తూ రాస్తున్నది.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం మధ్యాహ్నం అందింది. చదివి కుర్చీలోంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మీ అమ్మ గరిట పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏమైందని చేత్తోనే అడిగింది.  కాగితం దాని చేతిలో పెట్టాను. ధనమ్మ సంగతి నీకు తెలుసుగా, నవ్వాల్సిన చోట ఏడుస్తుంది. గరిట పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. పప్పంతా మొహానికి.

నా కూతురు మొత్తం బ్యాండుకి సౌండ్ చీఫ్! వాయించేవాళ్ళు పదిమంది, లారీల్లోంచి సామాను దించేవాళ్ళు ఇరవైమంది, జనం పదివేలు, అందరి మధ్యా మిక్సింగ్ బోర్డు ముందు నిలబడేది నా పిల్ల! బెంగుళూరులో కేబుళ్ళు చుట్టే పనికి చేరి ఏడేళ్ళన్నా కాలేదు. నేను ముప్పై నాలుగేళ్ళు జూబ్లీహిల్స్‌లో రికార్డింగ్ థియేటర్లో డ్రమ్స్‌కి మైకులు పెట్టాను. అద్దానికి ఇవతలే ఉన్నాను. బోర్డు అద్దానికి అవతల. ఆ గదిలోకి టీ ఇవ్వడానికి వెళ్ళానే గానీ కుర్చీలో ఒక్కసారి కూర్చోలేదు. ఇప్పుడు నువ్వు కూర్చున్నావు. అంటే నేను కూర్చున్నట్టే. నువ్వు కాదన్నా సరే, నేను కూర్చున్నట్టే.

ఆదివారం బోరబండ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. ఇక చాలని పాస్టరయ్యగారు రెండుసార్లు చెయ్యి చూపించారు. ఆపలేదు. పక్కింటి మల్లమ్మకి కేకు ముక్క ఇస్తే, "ఏంది సారూ, గింత ఖుషీగున్నవ్, బిడ్డ లగ్గం కుదిరిందా?" అంది. లగ్గం కాదు, అంతకంటే పెద్దదన్నాను. సౌండ్ చీఫ్ అంటే ఏంటో దానికి గంటసేపు చెప్పాను. పాపం, కేకు తినేసి కూడా నిలబడే ఉంది.

అమ్మా, ఒక్క మాట మర్చిపోకు. ఎన్ని కొత్త మిషన్లొచ్చినా మైకు ఎక్కడ పెట్టాలో చెప్పేది చెవే. నీకు ఆరేళ్ళప్పుడు థియేటర్‌కి తీసుకెళ్ళి, నీ కుడి చెవిలో వేలు పెట్టించి, ఎడమ చెవి స్నేర్ డ్రమ్ము పక్కన పెట్టించి మెల్లగా తల తిప్పించాను, గుర్తుందా? "ఇక్కడ నాన్నా, ఇక్కడ బాగుంది" అన్నావు. అక్కడే పెట్టాను మైకు. చెవి ఆగిన చోటే మైకు. నేను చదువుకున్న చదువంతా అదే. ఒకసారి కిక్ డ్రమ్ము పెడల్ స్ప్రింగు కీచుమంటోందని, కాలితో తొక్కుతారే ఆ పెడల్, దానికోసం వందమంది వాయిస్తున్న రికార్డింగు ఆపించేశాను. మీ అమ్మ తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా జేబులోంచి తీసి రాశాను. మ్యూజిక్ డైరెక్టర్‌కే వినపడలేదది. నాకు వినపడింది. ఆ చెవి నీకిచ్చాను. ఇంకేం ఇచ్చాను గనక!

డిసెంబర్లో మన ఊళ్ళో మీ షో ఉందన్నావు. నీ వెనకాల నిలబడతాను. నేను విని బొటనవేలు ఎత్తేదాకా నువ్వు షో మొదలుపెట్టకూడదు. ఇది నువ్వు చిన్నప్పుడు నాకిచ్చిన మాట.

ఫోన్ చేస్తానన్నావు. వద్దమ్మా. ఫోన్లో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు, చర్చిలో నలుగురికి చూపించొచ్చు. నా సంతోషం కోసం రాయి.

ఇట్లు, ఉబ్బిపోయి చొక్కా గుండీలు పట్టని
మీ నాన్న


పూణె
జూలై 2

నాన్నా,

నీ ఉత్తరం బస్సులో అందరికీ చదివి వినిపించాను. మా డ్రమ్మర్ సిద్ధార్థ తెలుగువాడే, వెంగళరావు నగర్. "మీ నాన్నని మా నాన్నతో మార్చుకుందామా?" అంటున్నాడు. వాళ్ళ నాన్న ఇంకా బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాడట.

ఇక్కడ వాన. గ్రౌండంతా బురద. స్టేజీ మీద టార్పాలిన్ కింద పొద్దున్నుంచీ డ్రమ్స్‌తోనే కుస్తీ. కిక్ డ్రమ్ము ముందు తోలుకి ఉన్న కంతలోంచి ఒక మైకు లోపలికి దూర్చాను, లోపల పాత దిండు. స్నేర్‌కి పైనొకటి, కిందొకటి. పైదీ కిందదీ ఒకదాన్నొకటి మింగేస్తాయని నువ్వు చెప్పేవాడివే, నిజంగా మింగేశాయి. కిందదాన్ని బోర్డులో తిరగేశాను. చచ్చిన స్నేర్ లేచి కూర్చుంది. టామ్స్‌కి తలా ఒకటి చొప్పున మూడు తగిలించాను. పైనుంచి రెండు, ఆ ఇత్తడి చిప్పల కోసం. మొత్తం ఎనిమిది మైకులు.

ఎనిమిదీ నీ పద్ధతిలోనే పెట్టాను. నేను కుడి చెవిలో వేలు పెట్టుకుని స్నేర్ పక్కన తల వాల్చడం కొత్తవాళ్ళు వింతగా చూస్తారు. నా కింద పనిచేసే గీతిక ఫోటో తీసి "అక్క డ్రమ్ముతో రహస్యం మాట్లాడుతోంది" అని గ్రూపులో పెట్టింది. సిద్ధార్థని నేను గట్టిగా కొట్టమంటాను. పాటలో కొట్టినంత గట్టిగా కొట్టకపోతే చోటు దొరకదు కదా.

షో బాగా జరిగింది. కిక్ గుండెలకి తగిలింది, స్నేర్ మొహానికి తగిలింది. జనం ఊగిపోయారు. ఆ రికార్డింగు పెన్‌డ్రైవులో వేసి ఈ కవర్లో పెడుతున్నాను. టీవీకి గుచ్చితే వస్తుంది, అమ్మకి తెలుసు. పూర్తిగా విని, ఎక్కడ తప్పుందో రాయి. నువ్వు పొగడ్డం కాదు, తప్పు పట్టడం కావాలి నాకు.

ఇక్కడ హోటల్లోనే బాగోలేదు. ఏసీ సన్నగా ఈలేస్తూ ఉంటుంది. ఆపేసినా ఆగదు. గది మార్చమన్నాను. మార్చిన గదిలోనూ అంతే.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు చర్చికెళ్ళావంటుంది, నిద్రపోతున్నావంటుంది. అన్నిసార్లు నిద్రేంటి నాన్నా? ఆరోగ్యం బాగుందా?

నీ
జెరూష


ఫిల్మ్‌నగర్
ఆగస్టు 4

నా తల్లీ, నా రాజా, జెరూషా,

విన్నాను! విన్నానమ్మా! టీవీ ముందు కుర్చీ వేసుకుని, బయటి తలుపు వేసి, ఫ్యాను ఆపి, మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు. ఏం పెట్టావు! ఎలా పెట్టావు! తప్పు పట్టమన్నావు. ఎక్కడని పట్టను? తప్పు పట్టేవాడి వేళ్ళు విరిగిపోవాలి.

ఆ కిక్ డ్రమ్ము పెద్ద రోట్లో పచ్చడి దంచినట్టు ఎంత నిబ్బరంగా ఉందో. స్నేర్ కొబ్బరికాయ బండకేసి కొట్టినట్టు ఒక్క దెబ్బకి పగిలింది. చిప్పలున్నాయే, పోపులో ఆవాలు పేలినట్టు చిటపట చిటపట, ఒక్క ఆవగింజ కూడా మాడలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది నెమ్మది పాటల్లో, దరువు మధ్యమధ్యన పిచ్చుక కూసినట్టు సన్నగా కుయ్‌కుయ్‌మని పెట్టావు చూడు, ఆహా! ఎంత ముద్దొచ్చిందో. ఆ ఆలోచన ఎవరిది, నీదేనా? మా కాలంలో ఇలాంటివి ఎవరికీ తట్టేవి కావు. ఎవరడిగినా ఆ పిచ్చుక గురించే చెబుతున్నాను.

నా ఆరోగ్యానికేం, గుండ్రాయిలా ఉన్నాను. ముసలివాడు నిద్రపోతే అదీ తప్పేనా?

హోటల్ ఏసీ ఈలేస్తోందని రాశావు. ఏ చెవి వైపు వినిపిస్తుందమ్మా? ఊరికే అడుగుతున్నాను. పడుకునేటప్పుడు చెవుల్లో కాస్త దూది పెట్టుకో. డ్రమ్ముల దగ్గర కూడా పెట్టుకుంటే పెట్టుకో, తప్పేం లేదు. మరీ దగ్గరికి తల పెట్టకపోయినా పర్లేదేమో. నీకు ఇప్పుడు అనుభవం వచ్చిందిగా.

మొన్న మధురానగర్ మార్కెట్లో మంచి సీతాఫలాలు దొరికాయి. నిన్ను తలుచుకుని తిన్నాం.

పొంగిపోతున్న
నాన్న


బెంగుళూరు
ఆగస్టు 21

నాన్నా,

పిచ్చుకేంటి?

నేను ఎక్కడా పిచ్చుక పెట్టలేదు. నీ ఉత్తరం చదివి రికార్డింగు మళ్ళీ విన్నాను. హెడ్‌ఫోన్లో విన్నాను, స్పీకర్లో విన్నాను. నాకేం వినపడలేదు. గీతికని పిలిచి, "ఇందులో పిచ్చుకలాంటిదేమన్నా ఉందా?" అన్నాను. అది నా మొహం చూసింది.

"అదా అక్కా? కిక్ పెడల్. స్ప్రింగు కీచుమంటోంది. పూణెకి ముందు నుంచీ ఉంది. సిద్ధార్థ చెవుల్లో పాట వినిపించే మానిటర్లు బిగించుకుని వాయిస్తాడు, తనకి తెలీదు. నీకు తెలిసే వదిలేశావనుకున్నాం. చీఫ్‌వి కదా, ఎలా అడగను?"

అది వేలితో చూపించింది, ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని. అది చూపించిన చోటల్లా నాకు కిక్ ఒక్కటే వినపడింది. ఎడమ వైపు హెడ్‌ఫోను కుడి చెవికి మార్చుకుని విన్నాను. అప్పుడు వచ్చింది. చాలా దూరం నుంచి.

నాన్నా, నేను అడిగేదానికి ఈసారి పొగడ్త రాయకు. పెడల్ కీచుమంటే రికార్డింగు ఆపించిన మనిషివి నువ్వు. ఆ కథ నాకు అన్నం తినిపిస్తూ చెప్పావు. ఆ చప్పుడు విని ఆహా అని రాసేవాడివి కావు. ఇంకోటి కూడా. నువ్వు పుట్టాక ఎప్పుడూ స్నేర్‌ని కొబ్బరికాయ అనలేదు, చిప్పల్ని ఆవాలనలేదు. అవి వంటింటి మాటలు. ఆ రికార్డింగు విన్నది అమ్మ. నువ్వు కాదు.

పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు టీవీ ఇల్లెగిరిపోయేలా పెట్టావు. నేను నవ్వాను. ఫోన్ ఎందుకు వద్దన్నావో ఇప్పుడు అర్థమైంది.

ఎప్పటి నుంచి? ఎంత? ఈల ఏ చెవి వైపు అని ఎందుకు అడిగావు?

ఎడమ చెవి.

రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను.

జెరూష


ఫిల్మ్‌నగర్
సెప్టెంబర్ 1

అమ్మా జెరూషా,

రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది మూడోది. ఎలా ఉంటే అలా పంపమని మీ అమ్మ ఎదురుగా కూర్చుంది.

అవును. ఆ రికార్డింగు విన్నది మీ అమ్మ. నేను దాని మొహం చూస్తూ కూర్చున్నాను. అది ఎక్కడ కళ్ళు పెద్దవి చేసిందో అక్కడ నేనూ తల ఊపాను. అయిపోయాక ఎలా ఉందని అడిగితే దానికొచ్చిన మాటల్లో చెప్పింది. దాని పెదవులు చూసి రాసుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళ కాపురం, దాని పెదవులు ఒక్కటే చదవగలను. మల్లమ్మ మాటలు కూడా మీ అమ్మ తిరిగి చెబితే అలా రాసినవే. పిచ్చుక అంటే ఏదో కొత్త వాయిద్యం అనుకున్నానమ్మా. నీకు శబాష్ చెప్పాలన్న తొందరలో ఉన్నాను. డ్రమ్ముల దగ్గర పిచ్చుక కూతంటే పెడలే అని నాకు తట్టకపోవడం చూడు. చెవే పోయిందనుకున్నాను, తలకాయ కూడా పోయింది.

నాకు ఎడమ చెవి ఉద్యోగంలో ఉండగానే పోయింది. ఇంట్లో ట్యూబులైటు గుయ్యిమంటోందని రెండుసార్లు మార్పించాను. మూడోసారి మీ అమ్మ కరెంటే తీసేసింది. అయినా మోగింది. అప్పుడు అర్థమైంది మోగేది నేనని. ఎవరికీ చెప్పలేదు. మైకులు పెట్టేవాడికి చెవి పోయిందంటే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. కుడి చెవితో నెట్టుకొచ్చాను. పోయిన ఈస్టర్ ముందు శ్రమల దినాల్లో అదీ ఆగిపోయింది. చర్చిలో పాటలప్పుడు పక్కవాళ్ళని చూసి పెదవులు కదుపుతాను. నీకు చెబితే నువ్వు పని వదిలి వచ్చేస్తావని భయం. అంతకంటే, చెబితే నీ సంతోషం చిన్నదవుతుందని. నువ్వు ఏం చేసినా నాకోసం చేస్తావు. నాకు వినపడదని తెలిస్తే ఎవరికోసం చేస్తావు?

అది నా సంగతి. దాన్ని నువ్వు క్షమించినా నాకు పర్వాలేదు, క్షమించకపోయినా పర్వాలేదు.

రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు.

జూలైలో నీ ఉత్తరంలో ఏసీ ఈల గురించి చదివిన నిమిషమే నాకు తెలిసిపోయింది. అది ఏసీ కాదని తెలుసు. గది మార్చినా పోదని తెలుసు. ఆ రోజే టెలిగ్రాం ఇచ్చినట్టు, "ఆపెయ్, తల తీసెయ్, డ్రమ్ముల దగ్గరికి వెళ్ళకు" అని రాయాలి. రాయలేదు. రాస్తే నీకెలా తెలుసు నాన్నా అంటావు. అప్పుడు నా చెవుల సంగతి చెప్పాలి. అందుకని ఏ చెవమ్మా, ఊరికే అడుగుతున్నాను, దూది పెట్టుకో అని రాశాను. సీతాఫలాల గురించి రాశాను. నా అబద్ధం నిలబెట్టుకోవడానికి నీ చెవిని అక్కడే వదిలేశాను.

ఆరేళ్ళ పిల్ల తల పట్టుకుని స్నేర్ పక్కన పెట్టింది ఈ చేతులే. చెవి ఆగిన చోటే మైకు అని గొప్పగా చెప్పింది ఈ నోరే. నేను నీకు ఒకే ఒక్కటి ఇచ్చాననుకున్నాను. ఇచ్చింది ఇదా?

డాక్టర్ ఏమన్నాడో దాచకుండా రాయి.

సుందర్ రాజు

(అమ్మ రాస్తోంది: చిన్న పిల్లాడిలా ఏడుస్తున్నారు. గట్టిగా ఏడుస్తున్నారు, ఆయనకి తెలీడం లేదు ఎంత గట్టిగానో. మల్లమ్మ వచ్చి చూసి వెళ్ళింది. నువ్వు కోపంగా ఉత్తరం రాయకు తల్లీ. ఫోన్లో నేను చెప్పిన అబద్ధాలకి నన్ను తిట్టు.)


బెంగుళూరు
సెప్టెంబర్ 24

నాన్నా,

అమ్మ కోపంగా రాయొద్దంది గనక ఇరవై రోజులు ఆగాను. ఆగకుండా రాసుంటే నువ్వు దాచుకోలేని ఉత్తరం వచ్చుండేది.

డాక్టర్ ఒక కాగితం ఇచ్చాడు. కుడి చెవిది, ఎడమ చెవిది, రెండు గీతలు. కుడి గీత కాస్త ఒంగింది. ఎడమ గీత సగందాకా బాగానే వచ్చి, సన్నటి చప్పుళ్ళు ఉండే చోట గోడమీంచి జారినట్టు కిందికి పడిపోయింది. పడిపోయింది మళ్ళీ లేవదన్నాడు. ఉన్నది కాపాడుకోవచ్చన్నాడు. డ్రమ్స్ దగ్గర తల పెట్టకూడదు. పెద్ద సౌండు ముందు గంటలు గంటలు నిలబడకూడదు. ఎంతకాలం నుంచి ఇలా తల పెడుతున్నావని అడిగాడు. ఆరేళ్ళప్పటి నుంచీ అన్నాను. జోకనుకుని నవ్వాడు.

జూలైలో నా ఉత్తరం నీకందిన రోజుకీ నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళిన రోజుకీ మధ్య పదకొండు షోలు చేశాను నాన్నా. లెక్కపెట్టాను. పదకొండు చోట్ల కుడి చెవిలో వేలు పెట్టుకుని ఎడమ చెవి స్నేర్‌కి అప్పజెప్పాను. నీకు తెలుసు. తెలిసి సీతాఫలాలు తిన్నావు. ఈ ఒక్క మాటా రాయకపోతే నేను నిద్రపోలేను, అందుకే రాస్తున్నాను. మళ్ళీ రాయను.

ఇప్పుడు ఇంకోటి. నువ్వు నా తల పట్టుకుని నన్ను చెవిటిదాన్ని చేశానని రాశావు. ఆ రోజు నాకు గుర్తుంది. డ్రమ్ము పక్కన చప్పుడు మారుతూ మారుతూ ఒక చోట తియ్యగా అయింది. ప్రపంచంలో అలాంటి చోటొకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, నువ్వు చూపించావు. అది కూడా అబద్ధమేనని నా చేత అనిపించకు.

కంపెనీలో చెప్పేశాను. చెవి దాచిపెట్టి బోర్డు ముందు నిలబడడం నీకు చేతనైంది, నాకు చేతకాలేదు. వాళ్ళు మంచిగానే మాట్లాడారు. జనవరి నుంచి ఆఫీసులో పని, ఏ ఊళ్ళో ఏ సామాను, ఏ లారీ, ఎన్ని స్పీకర్లు. చీఫ్ పని మా టీంలోని సాయిశ్రీనివాస్‌కి ఇస్తున్నారు, అప్పటిదాకా వెంట తిరిగి అతనికి పని అప్పగించాలి. డిసెంబర్ 13 హైదరాబాద్ షో మాత్రం నేనే చేస్తానన్నాను. చెవులకి రక్షణ పెట్టుకుంటాను. చిప్పల సంగతి గీతిక చూస్తుంది. అదే నా ఆఖరి షో.

నువ్వు వస్తానన్నావు కదా.

జెరూష


ఫిల్మ్‌నగర్
అక్టోబర్ 10

అమ్మా,

నేను రాను.

వచ్చి ఏం చెయ్యను? నీ వెనకాల నిలబడి వినపడని దానికి బొటనవేలు ఎత్తనా? నీ ఆఖరి షోకి కూడా అబద్ధం చెప్పనా? ఆఖరి అన్న మాట నీ ఉత్తరంలో చూసినప్పటి నుంచి మైకులు పెట్టిన నా చేతుల వైపు నేనే చూసుకోలేకపోతున్నాను. ఏడేళ్ళు కష్టపడి అద్దం అవతలికి వెళ్ళావు. ఆరు నెలలన్నా కూర్చోలేదు. నేనే చెయ్యి పట్టుకుని లేపేసినట్టుంది.

చర్చిలో అందరూ మీ అమ్మాయి షో ఎప్పుడని అడుగుతున్నారట. మీ అమ్మ చెబుతోంది. నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు ఒక్కటే ఇంకా చేతనవుతోంది.

నాన్న


కొచ్చి
అక్టోబర్ 29

నాన్నా,

రావాలి. అమ్మని తీసుకుని రావాలి. వినకుండా వేలెత్తొద్దు, అంతే. నా వెనకాల నిలబడు. నేను వెనక్కి తిరిగితే అక్కడ ఎవరూ లేకపోతే నేను షో ఎలా మొదలుపెట్టను? మాటిచ్చాను కదా.

పెడల్‌కి నూనె రాయించలేదు. ఆ పని నీది. సీసా తెచ్చుకో.

జెరూష


ఫిల్మ్‌నగర్, ఇంటి ముందు గది
డిసెంబర్ 14, పొద్దున

వెనక గదిలో పడుకున్న మా అమ్మాయి జెరూషకు,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటని నవ్వకు. నీతో మాట్లాడితే నేను అరుస్తాను. నువ్వు చెప్పేది నాకు అందదు. రాస్తేనే మనిద్దరం సమానం. అదీగాక నిన్నటి నుంచీ నా గుండె ఆగడం లేదు, ఎక్కడో ఒక చోట పెట్టాలి. నువ్వు లేచేలోపు రాసి నీ చెప్పుల మీద పెడతాను.

నేను చూసినంత వైభవం ఎవరన్నా చూశారా! అంత స్టేజీ, అంత మంది, మధ్యలో చిన్న గుడారం, అందులో వంద దీపాలు మెరిసే బోర్డు, దాని ముందు నా కూతురు! మీ వాళ్ళంతా వచ్చి నాకు దణ్ణాలు పెట్టారు. ఆ సిద్ధార్థ వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే నేను పెడల్ దగ్గర కూర్చుని ఉన్నాను, తల తలా కొట్టుకున్నాయి. స్ప్రింగుకి మూడు చుక్కలు నూనె రాశాను. అతను తొక్కాడు. నేను మీ అమ్మ వైపు చూశాను. "పిచ్చుక ఎగిరిపోయిందండీ" అంది. ఆ మాట దాని పెదవుల మీద చదివి నాకు సంతోషమెందుకు కలగలేదో తెలీదు. నువ్వు కూడా అటే చూస్తున్నావు. ఉన్నప్పుడూ మనిద్దరికీ లేదు, పోయినప్పుడూ మనకి తెలీలేదు.

నువ్వు మైకులు పెట్టేటప్పుడు దూరంగా నిలబడ్డావు. వంగలేదు. వేలు కుడి చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. నేను చూశాను. గీతిక వంగబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆ అమ్మాయి చెవుల్లో ముందు రక్షణ పెట్టించావు. నేను నీకు చెయ్యని పని అది. అప్పుడు నేను వెళ్ళి స్నేర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ డ్రమ్ము అంచుకి దగ్గరగా పెట్టాను. సిద్ధార్థ కొట్టాడు. చేతులకి గాలి తగిలింది. జరిపాను. ఇంకొంచెం జరిపాను. ఒక చోట గాలి మెత్తగా తగిలింది. ఇదేనా ఆ చోటు అని నీవైపు చూశాను. నీకు తెలీదని నీ మొహం చెప్పింది. నాకూ తెలీదు. అయినా మైకు అక్కడే పెట్టావు. అంతమంది ముందు.

అప్పుడు నువ్వు గుడారంలో బోర్డు దగ్గరికి వెళ్ళి, మేం నీ వెనకాల నిలబడ్డాక, మొత్తం డ్రమ్స్ తెరిచావు. నాకు కిక్ ఒక్కటే వచ్చింది. అరికాళ్ళలోంచి వచ్చి మోకాళ్ళలో ఆగింది. మిగతాదంతా సిద్ధార్థ చేతులు ఊగడమే. మీ అమ్మ గుడారం మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది. చీర కొంగు నడుముకి దోపుకుని, పోపు ముందు నిలబడ్డట్టే నిలబడింది. గీతిక ఏదో అడిగితే, "చిప్పలు కాస్త మాడుతున్నాయమ్మా, మంట తగ్గించు" అందట. ఆ పిల్ల నవ్వకుండా తగ్గించింది.

నువ్వు వెనక్కి తిరిగావు.

నా చెయ్యి లేవలేదమ్మా. లేపాలనిపించింది. ముప్పై నాలుగేళ్ళు అద్దం ఇవతల నుంచి లేపిన చెయ్యి అది, దానంతటదే లేస్తుంది. గట్టిగా ప్యాంటు పట్టుకుని ఆపాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు. నేను నిన్ను చూస్తూ నిలబడ్డాను. పదివేల మంది ఆగారు. అప్పుడు మీ అమ్మ కళ్ళు తెరిచి, నా పక్కకి వచ్చి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నా బొటనవేలు నిటారుగా చేసి పైకెత్తింది. విన్న మనిషి ఎత్తింది. నువ్వు ఏడుస్తూ బోర్డు వైపు తిరిగావు. షో మొదలైంది.

అంతా అయిపోయి సామాను లారీల్లోకి ఎక్కిస్తుంటే నువ్వు ఖాళీ స్టేజీ మీద ఒక్కదానివే కేబుల్ చుడుతున్నావు. మొదట ఆ పనితోనే చేరావుగా. నేను చూడనట్టు వేరే వైపు తిరిగాను.

ఇప్పుడు నువ్వు కుడి చెవి దిండుకి ఆనించి పడుకున్నావు. మీ అమ్మ గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచింది. పెదవులు చూశాను. నువ్వు కదల్లేదు. నేనూ అలాగే పడుకునేవాణ్ణి. మూడోసారి పిలవబోతే వద్దని సైగ చేశాను, పడుకోనీ.

లేచాక ఒక్క పని చెయ్యి. ఆదివారం కాకపోయినా మీ అమ్మ నీకోసం పులిహోర చేస్తోంది. పోపు వేసేటప్పుడు పొయ్యి పక్కన నిలబడు. విను. ఆవాలు నీకు ఎంత వినిపిస్తున్నాయో ఈ కాగితం వెనక రాసి నాకివ్వు. నా సంతోషం కోసం రాయకు. ఎంత ఉంటే అంతే రాయి.

నిన్న నిన్ను చూసి గర్వపడి, ఇవాళ నీ చెప్పుల దగ్గర కూర్చున్న
నాన్న


(ఇదే కాగితం వెనక)

నాన్నా,

సగం ఆవాలు వినిపించాయి. మిగతా సగం అమ్మ చెప్పింది.

అన్నం చల్లారిపోతోంది, రా.

జెరూష